నంబరు చీటీకి లామినేషన్

మా ఇంట్లో లామినేషన్ చేయించనిది మనుషులకు మాత్రమే. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, మా బిడ్డ నిరోషా పదో తరగతి మెమో, మా ఆయన చంద్రకాంత్ మరణ ధ్రువపత్రం, కరెంటు మీటరు పేరు మార్చిన కాగితం, అన్నింటికీ చేయించాను. మేముండేది తాండూరులో, నాపరాళ్ల పాలిష్ మిషన్ల వెనక వీధిలో, రెండు రేకుల గదులు. వానాకాలం పైనుంచి నీళ్లు, మిగతా కాలమంతా రాతి దుమ్ము. ఆ ఇంట్లో కాగితం తనంతట తాను బతకదు.

నిరోషా ఫోటోలు బాగుచేస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లు కూడా చేస్తుంది గానీ ఆమెకు పేరొచ్చింది చనిపోయినవాళ్లను ఫోటోలో నిలబెట్టే పనికి. గృహప్రవేశం ఫోటోలో తండ్రి లేడంటే, కొడుకులు ఆయన ఓటరు కార్డు పట్టుకొస్తారు. నిరోషా అందులోంచి ముఖం తీసి, ఆ వయసుకు తగిన ఒళ్లు వెతికి, కొత్త చొక్కా తొడిగి, పెద్ద కొడుకు పక్కన నిలబెడుతుంది. నీడ కూడా పడేలా చేస్తుంది. నీడ పడకపోతే చూసేవాళ్లు భయపడతారట.

మా గోడ మీది ఫోటో కూడా అలాంటిదే. నేను, నిరోషా, మధ్యలో చంద్రకాంత్. ఆయన నాపరాళ్ల గనిలో పనిచేసి, రెండేళ్లు దగ్గి, ఆరేళ్ల కిందట పోయాడు. ముగ్గురం కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. నిరోషా చేసింది. ప్రతి క్రిస్మస్‌కు మేమిద్దరం కొత్త బట్టలు కట్టుకుంటాం కదా, ఆయన ఒక్కడు పాత చొక్కాతో ఉండడం బాగుండదని, డిసెంబరులో కంప్యూటర్లో ఆయన చొక్కా మార్చి కొత్త ప్రింటు తీస్తుంది. నిరుడు లేత నీలం వేసింది. అంతకు ముందు ఏడు తెల్లది.

మొదట్లో ఆమె వికారాబాద్‌లో శ్రీశైలం అనే ఆయన స్టూడియోలో పనిచేసేది. రోజూ రైల్లో పోయి రైల్లో వచ్చేది. రైలు పది నిమిషాలు ఆలస్యమైతే పట్టాల మీద ఏమేం జరగొచ్చో అన్నీ వరసగా అనుకుని కూర్చునేదాన్ని. అందుకని ఈ ఏడాది వేసవిలో ఆమె ఇంట్లోనే సొంతంగా పని పెట్టుకుంటానంటే సంతోషించాను. ఒక గంటసేపు. తర్వాత సాఫ్ట్‌వేర్ సంగతి వచ్చింది.

ఫోటోలు చేయడానికి కంప్యూటర్ ఒక్కటే చాలదు, లోపల సాఫ్ట్‌వేర్ ఉండాలి. అది రెండు రకాలని నిరోషా చెప్పింది. కొత్త రకానికి నెలనెలా డబ్బు కట్టాలి. కట్టినన్నాళ్లు తెరుచుకుంటుంది, ఆపితే మూసుకుంటుంది. పాత రకం ఒకేసారి కొనేది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, కానీ కంపెనీ ఇప్పుడు దాన్ని అమ్మడం లేదు. శ్రీశైలం పన్నెండేళ్ల కిందట కొన్నది ఒకటి ఉంది. ఆయన స్టూడియోలో అన్నీ కొత్తవి పెట్టుకున్నాడు కాబట్టి పాతదాన్ని కంప్యూటర్‌తో సహా ఇస్తానంటున్నాడు.

"అంటే నెలనెలా కట్టేది కౌలు, ఒక్కసారి కొనేది పట్టా," అన్నాను.

"గట్లనే అనుకో."

"మరి అడుగుడెందుకు. పట్టానే తీస్కో."

"కొత్తదాంట్ల పని జల్ది అయితదమ్మా. ఫోటోల మనిషిని ఎనకున్న గోడ నుంచి ఇడదీసేటప్పుడు జుట్టు కాడనే పాతదాంట్ల గంట పడ్తది. కొత్తదాంట్ల ఒక్క నొక్కుడు."

"బొంరాస్‌పేట చెలక యాదికుందా?"

"మొదలైంది," అంది నిరోషా, ఎదురుగా ఎవరో ఉన్నట్టు గోడ వైపు తిరిగి.

మొదలు కావలసిందే. బొంరాస్‌పేటలో మేము ఏడేళ్లు ఒకరి చెలక కౌలుకు చేశాం. అది చేను అంటే చేను కాదు, రాళ్లు. అవన్నీ ఏరి చంద్రకాంత్ చుట్టూ గట్టు పేర్చాడు. ఎనిమిదో ఏడు కంది నడుమెత్తు పెరిగే భూమి అయ్యాక యజమాని దాన్ని తన తమ్ముడికి ఇచ్చుకున్నాడు. మేము తాండూరు వచ్చాం. ఆ గట్టు ఇప్పటికీ ఉంది. బస్సులో అటు పోయినప్పుడు నేను ఆ వైపు సీట్లో కూర్చోను.

"ఏడేండ్ల పంట మనమే తిన్నం కదమ్మా. పంట వాపస్ అడిగిండా ఆయన?"

"భూమి అడిగిండు."

"భూమి ఆయనదే గదా."

"గందుకే చెప్తున్న," అన్నాను. "సరే, ఒక నెల పని రాలేదు, కట్టలేదు అనుకో. మీ నాయిన ఏమైతడు?"

"గోడ మీదున్నడు. గోడ మీదనే ఉంటడు."

"కంప్యూటర్ల ఉన్నోడు?"

నిరోషా కొంచెం ఆలోచించింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. "ఉంటడు. కాని తెరుసుకోడు."

"అంగీ మార్చరాదు."

"కట్టేదాంక రాదు."

బతికినన్నాళ్లు ఆయన కౌలులోనే ఉన్నాడు. పోయాక కూడా కౌలుకు పెట్టడానికి నేను ఒప్పుకోనని చెప్పాను. నిరోషా రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు శ్రీశైలానికి ఫోన్ చేసి పాతదే తీసుకుంటానంది.

ఆయన మంచి మనిషే. కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అన్నీ బిగించి, డిస్కు నిరోషాకు ఇచ్చి, జేబులోంచి చిన్న చీటీ తీసి నాకిచ్చాడు. ఇంట్లో వస్తువులు దాచేది ఎవరో చూడగానే తెలిసినట్టుంది.

"మార్తక్కా, సాఫ్ట్‌వేర్ వచ్చిన డబ్బాను చెదలు తిన్నయి. దాని మీది నంబరు నా బిల్లు మిషన్ల కొట్టి తీసి పెట్టిన. మల్ల ఎప్పుడన్న సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యాలంటె గీ నంబరు అడుగుతది. చీటీ పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే. పైలం."

పైలం అని ఆయన ఊరికే అన్నాడు. నేను ఊరికే వినలేదు.

చీటీ మీద అంకెలు అప్పటికే సగం వెలిసిపోయి ఉన్నాయి. నిరోషా ఒకసారి తీసుకుని చూసి నాకే ఇచ్చేసింది. మొదట బైబిల్లో పెట్టాను. బైబిల్‌ను ప్రార్థనకు తీసుకుపోతాను, దారిలో జారిపోతే ఎలా? బియ్యం డబ్బాలో పెట్టాను, పురుగు కొరికితే? జాకెట్లో పెట్టుకుంటే చెమట. జూన్‌లో మొదటి వాన పడి, కంప్యూటర్ బల్ల పక్కన నేను పెట్టిన గిన్నె గంటలో నిండింది. మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర అశ్విని జిరాక్స్ షాపుకు పోయాను. మా ఇంట్లో కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోయాయి.

అశ్విని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ చీటీని కవరులో పెట్టి మిషన్లోకి తోసింది. అది తెల్లగా లోపలికి పోయింది. నల్లగా బయటికి వచ్చింది.

అశ్విని ఫోన్ పెట్టేసింది. "బిల్లు కాయిదమా అత్తా? వేడి తగిల్తె గట్లనే అయితది. ముందుగాల చెప్పొద్దా."

"చెప్తే?"

"మిషన్ల పెట్టకపోతుంటి."

ఇద్దరం దాన్ని చూశాం. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నల్లగా ఉంది. ఒక్క అంకె లేదు.

"కాని లామినేషన్ మంచిగొచ్చింది అత్తా," అంది అశ్విని. "గాలి బుడగ గూడ లేదు."

నిజమే, లేదు. డబ్బులు తీసుకుంది.

ఇంటికొచ్చి దాన్ని మిగతా కాగితాల అడుగున పెట్టాను. చెప్పాలనే అనుకున్నాను. ఆ రోజు నిరోషాకు తలనొప్పి. మర్నాడు ఆల్బమ్ ఇవ్వాలి. తర్వాత ఆదివారం. అట్లా వారాలు గడిచాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ తెరుచుకునే దాకా, నంబరు అడుగుతుందేమోనని తెర వైపే చూసేదాన్ని. ఒకరోజు అన్నం తినేటప్పుడు మెల్లగా మొదలుపెట్టాను.

"నిరోషా, గా నెలనెలా కట్టేదే తీస్కోరాదు?"

ముద్ద నోటి దగ్గర ఆపి చూసింది. "కౌలంటివి గదా."

"జుట్టు ఒక్క నొక్కుడుకు ఇడిపోతదంటివి గదా. నీ కండ్లు ఖరాబైతున్నయి."

"భూమి గుంజుకుంటరంటివి."

"అందరు గట్లుంటరా. మంచి యజమానులు గూడ ఉంటరు."

"అమ్మా, నీ పానం మంచిగుందా?"

బాగుందన్నాను. ఆమె ముద్ద పెట్టుకుంది. ఆ తర్వాత వారానికొకసారైనా కొత్త సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకుంటూ వచ్చాను. అది ఎలా ఉంటుందో నేను చూడలేదు. వినేవాళ్లకు ఆ కంపెనీలో నాకేదో పని దొరికిందనిపించేది.

అక్టోబరులో కుల్కచర్ల నుంచి భాగమ్మ అనే ఆమె వచ్చింది. మనవడి పుట్టువెంట్రుకల ఫోటోలో తన భర్త అంజిలయ్య ఉండాలంది. సంచిలోంచి ఆయన పాత ఫోటో తీసి నిరోషా చేతిలో పెట్టింది.

"ఒక్క మాట బిడ్డా. నవ్విపియ్యకు."

"నవ్వితే మంచిగుంటది కదవ్వా."

"మంచిగనే ఉంటది. ఎవరు గుర్తువట్టరు. నా పెండ్లినాడు గూడ నవ్వలే ఆయన."

వచ్చే ఆదివారానికి కావాలని చెప్పి పోయింది. ఆ వారమే కంప్యూటర్ మొరాయించింది. అంజిలయ్య ముఖం సగం వచ్చి ఆగిపోయేది. లోపల ఏదో పిండిగిర్నీలా చప్పుడు. నిరోషా మూడు రోజులు ఓర్చుకుని, కంప్యూటర్లు బాగుచేసే కుమారస్వామికి ఫోన్ చేసింది.

"గురువారం వస్తడమ్మా," అంది. "ఫార్మాట్ కొడ్తడట. లోపలున్నదంతా తీసేసి మల్ల మొదటి నుంచి ఎక్కిచ్చుడు. నువ్వు గా నంబరు చీటీ తీసి పెట్టు."

తీసి పెడతానన్నాను. అప్పటికి మంగళవారం.

బుధవారం పొద్దున సంఘంలో స్త్రీల కూడిక ఉందని చెప్పి, నల్ల చీటీ పర్సులో పెట్టుకుని, వికారాబాద్ రైలెక్కాను. నా బిడ్డ రోజూ కూర్చున్న రైలు. ఆమె చేతికి వచ్చిన పని ఒక జిరాక్స్ షాపులో పోయింది. కుల్కచర్ల ఆవిడకు ఏమని చెప్పాలి? డిసెంబరులో ఆయన చొక్కా ఎట్లా మార్చాలి? ప్రభువా, శ్రీశైలం ఇంకెక్కడైనా ఆ నంబరు రాసుకుని ఉండేలా చూడు అనుకున్నాను. తర్వాత, రాసుకున్న పుస్తకాన్ని కూడా చెదలు తిని ఉంటాయని అనిపించింది.

శ్రీశైలం స్టూడియోలో ఒక్కడే ఉన్నాడు. నేను చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ఎత్తి వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. నెగెటివ్‌లు కడిగిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్న మనిషి.

"ఏమన్న కనవడ్తుందా అన్నా?"

"లామినేషన్ కనవడ్తుందక్కా."

సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. అందుకు నాకు ఇంకా భయం వేసింది.

"నంబరు నా దగ్గర లేదక్కా. ఉన్నా ఫాయిదా లేదు."

"ఎందుకు?"

"నంబరు కొట్టినంక సాఫ్ట్‌వేర్ ఇంటర్‌నెట్‌ల కంపెనీని అడుగుతది, గీ నంబరు నిజమేనా అని. అవతల నుంచి జవాబొస్తెనే తెరుసుకుంటది. గా పాతవాటికి జవాబిచ్చుడు బంద్ పెట్టిన్రట. పరిగిల నా దోస్తు దగ్గర గిదే ఉండె. మొన్న ఫార్మాట్ కొట్టిండు, నంబరు కొట్టిండు. జవాబు లేదు. గప్పుడు తెలిసింది నాకు."

"మాకు ఫోన్ చెయ్యొద్దా?"

"మీది నడుస్తుంది గదా అని ఊకున్న."

"పట్టా అని ఇస్తివి గదన్నా."

"పట్టానే అక్కా. గా కంప్యూటర్ పానమున్నన్ని దినాలు పట్టా. దాన్ని మాత్రం ఫార్మాట్ కొట్టనియ్యకు."

"నువ్వు ఏది వాడుతున్నవ్?"

"నెలనెలా కట్టేది." ఆయన తెరల వైపు చూశాడు. "మంచిగనే ఉంటది. కాని మూఢమొస్తే నాకు పెండ్లిళ్లుండయి. కంపెనీకి మూఢం లేదక్కా. గా నెల గూడ కట్టాలె."

రేపు కుమారస్వామి వస్తాడు, ఈలోపు ఇంటికి పోయి చెప్పొచ్చు అనుకున్నాను. కానీ నేను ఈలోపు చేయొచ్చు అనుకున్నది ఏదీ జరగదు. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"కూడిక అయిపోయిందా అమ్మా?" అంది నిరోషా. "కుమారన్నకు రేపు పని ఉందట, గీ దినమే వచ్చిండు. ఫోటోలన్ని వేరేదాంట్లకు తీసిండు. ఇగ కొట్టుడే."

"ఆపమను."

"ఎందుకు?"

"నంబరు లేదు బిడ్డా. చీటీకి లామినేషన్ చేయించిన. నల్లగైంది."

ఆమె వెనక కుమారస్వామి చాయ్ జుర్రుతున్న చప్పుడు వినిపించింది.

"ఎప్పుడు?"

"జూన్‌ల."

"గందుకేనా నాలుగు నెలల సంది నన్ను కౌలుకు పొమ్మంటున్నది?"

"గందుకే."

"అమ్మా. నేను ఫోటోల పని చేస్త. చీటీ ఇచ్చిన దినమే ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోనా?"

నాలుగు నెలల్లో నేను అనుకోనిది ఇదొక్కటే. కస్టమర్లు పాస్‌పోర్టు ఫోటోకు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాను.

"నంబరుంది, కానియ్యి కుమారన్నా," అంటోంది నిరోషా అక్కడ.

"వద్దు," అన్నాను.

"మల్ల ఏమైంది?"

"నంబరున్నా ఫాయిదా లేదు. వాళ్లు జవాబిస్తలేరు."

"ఎవరు?"

నాకు చెప్పడం రాలేదు. ఫోన్ శ్రీశైలం చేతికిచ్చాను. ఆయన పరిగి దోస్తు సంగతి మొదటి నుంచి చెప్పాడు. అవతల నిరోషా రెండుసార్లు "నిజమేనా" అంది. ఫోన్ మళ్లీ నాకిచ్చాడు.

"ఒత్తిండా?" అన్నాను.

"లేదు. చాయ్ అయినంక ఒత్తుదామనుకున్నడట."

"ఇంకో చాయ్ పెట్టియ్యి. కంప్యూటర్ కాడికెల్లి లేపి పెట్టియ్యి."

నేను ఇంటికి చేరేసరికి కుమారస్వామి గుమ్మం బయట కంప్యూటర్ మూత విప్పి కూర్చున్నాడు. ఫార్మాట్ వద్దంటే మరేం చేయాలో తెలియక లోపల చూశాడట. పంకా రెక్కలకు, సందుల్లో, ప్రతి తీగ మీద నాపరాతి దుమ్ము. బ్రష్షుతో తీసి కాగితం మీద పోశాడు. పిడికెడు పైనే ఉంది.

"ఇంత దుమ్ము లోపల పెట్టుకొని ఇన్ని దినాలు ఎట్ల నడిచిందో చిన్నమ్మా," అన్నాడు.

నిరోషా ఆ కాగితం మడిచి దూరంగా పారేసి వచ్చింది.

మూత బిగించి స్విచ్ వేస్తే పిండిగిర్నీ చప్పుడు లేదు. అంజిలయ్య ముఖం ఆగకుండా మొత్తం వచ్చింది. ఆదివారం భాగమ్మ వచ్చి ఫోటో చూసి, ఆయన మీదికి వంగి, "గిట్లనే చూస్తుండె ఎదవ," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత నిరోషా తానే ఒక పద్ధతి పెట్టింది. కుమారస్వామి దగ్గర వాడిన కంప్యూటర్ ఇంకొకటి తీసుకుని, పెళ్లిళ్ల కాలంలో దాని మీద నెలనెలా కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటుంది. మూఢంలో ఆపేస్తుంది. నెలకొకసారి కట్టేదాన్ని ఎంచుకుంటే అలా ఆపుకోవచ్చట. పెళ్లివాళ్లంతా అందులో. చనిపోయినవాళ్లు పాతదాంట్లో, ఇంటర్‌నెట్ తీగ పీకేసి, పాత చీర కప్పి. నల్ల చీటీని నన్ను అడిగి తీసుకుని, దాని మీద తెల్ల పెయింటుతో "ఫార్మాట్ చేయొద్దు" అని రాసి కంప్యూటర్‌కు కట్టింది. మొన్నటి తుఫాను వానకు రేకు కారి దాని మీదే పడింది. అక్షరం చెదరలేదు. లామినేషన్ మంచిదే.

నేను ఇప్పుడు చీటీ గురించి భయపడడం లేదు. కంప్యూటర్ గురించి భయపడుతున్నాను. అందుకని నవంబరులోనే నిరోషాను కూర్చోబెట్టి, చంద్రకాంత్‌కు ఈ క్రిస్మస్ చొక్కా వేయించాను. గళ్లది. అది అయ్యాక, చేతిలో పని ఉండగానే వచ్చే ఐదు క్రిస్మస్‌లవి కూడా వేసి ప్రింట్లు తీయమన్నాను.

"ఐదేండ్లు మనం గిట్లనే ఉంటమా అమ్మా? ఫోటోల నీకు ఒక్క తెల్లెంట్రిక గూడ లేదు. ఇప్పుడే మస్తున్నయి."

"మనకేమైతది. మనల్ని కొత్తదాంట్ల ముసలోల్లను చేసుకుందువుగాని, కౌలు కట్టి. ముందు ఆయనయి కానియ్యి."

ఆమె తల ఊపి, రెండో చొక్కా ఏ రంగు అని అడిగింది. గోధుమ రంగు అన్నాను. దుమ్ము పడినా కనిపించదు.